బ్రేక్ రూమ్ గోడ మీది కాగితాలు



ఈసారి పండుగ గురించి రాయడం లేదు, వంట గురించి కూడా కాదు. తుక్కు గురించి రాస్తున్నాను. తుక్కు అంటే పాడైన ఇనుము, వంగిన రేకు, ఎందుకూ పనికిరాని సామాను. "చెత్తా తుక్కూ" అని కలిపి కూడా అంటారు. మా తమ్ముడికి ఈ మాట నచ్చదు. "అక్కా, మా దగ్గర తుక్కు అంటే ఆఖరున మిగిలేది. దానికి ముందున్నదంతా సరుకే" అంటాడు. అతను చెప్పింది నిజమే. ఎందుకో కింద చెబుతాను.

శాక్రమెంటోకు తూర్పున రాంచో కార్డోవా అనే ఊరుంది. అక్కడ పాత కార్లను విప్పి విడిభాగాలు అమ్మే యార్డులు చాలా ఉన్నాయి. మా తమ్ముడు అలాంటి ఒక యార్డులో పనిచేస్తాడు. దాని పేరు రాయను. అది చెడ్డ చోటు కాదు, గొప్ప చోటూ కాదు. అక్కడి బ్రేక్ రూమ్‌లో, కాఫీ మెషీన్ పైన, నెలకొకసారి రెండు కాగితాలు అంటిస్తారు. ఒకదానిలో ఉద్యోగుల వార్తలు ఉంటాయి. రెండోదానిలో పని గురించి సలహాలు ఉంటాయి. బల్ల మీద కొన్ని ప్రతులు పెడతారు. మా తమ్ముడు ఒక ప్రతి అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని ఇంటికి తెస్తాడు. నూనె మరకలతో, కొంచెం కూర వాసనతో అది నా చేతికి వస్తుంది.

ఆ కాగితాలు నాకెందుకు? గుడిలో ఆదివారం తెలుగు తరగతి చెబుతున్నాను కదా, అందుకు. మా తరగతిలో పిల్లలకంటే పెద్దవాళ్ళే ఎక్కువ. ఒకాయన ట్రక్కు నడుపుతాడు. ఇద్దరు ఆడవాళ్ళు వృద్ధుల ఇళ్ళలో పనిచేస్తారు. ఒకమ్మాయి గిడ్డంగిలో పెట్టెలు కడుతుంది. వాళ్ళకు రాముడి కథ చదవడం వచ్చు. "నా చేతికి దెబ్బ తగిలింది, ఈ రోజు బరువు ఎత్తలేను" అని తెలుగులో చెప్పమంటే తడబడతారు. నేను కూడా అలాగే నేర్చుకున్నాను. ఫిజీలో, బా పట్టణంలో, ఆదివారం ఉదయం చాప మీద కూర్చుని పెద్ద బాలశిక్ష చదివాను. ఇంట్లో మాట్లాడింది ఫిజీ హిందీ. అందుకే నా తెలుగులో ఇంకా కొంచెం పుస్తకం వాసన ఉంటుంది. మీరు సర్దుకోవాలి.

*

మనవాళ్ళు ఈ పనిలోకి ఎలా వచ్చారో ముందు రెండు మాటల్లో చెబుతాను.

1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ మొదటి గిర్మిటియాలతో ఫిజీ చేరింది. ఆ ఓడ కలకత్తా నుంచి వచ్చింది. మన తెలుగువాళ్ళు 1903 తర్వాత మద్రాసు మీదుగా వచ్చారు. విశాఖపట్నం జిల్లావాళ్ళు ఉన్నారు, ఉత్తర ఆర్కాటువాళ్ళు ఉన్నారు. 1987లో ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. ఆ రోజు కూడా మే 14. సరిగ్గా 108 ఏళ్ళు. ఆ తర్వాత, మళ్ళీ 2000 సంవత్సరంలో జరిగిన తిరుగుబాటు తర్వాత, చాలామంది కాలిఫోర్నియా వచ్చారు. శాక్రమెంటో, హేవర్డ్, మొడెస్టో ఊళ్ళలో మన ఇళ్ళు పెరిగాయి.

మా నాన్నగారికి బాలో ఒక చెరకు లారీ ఉండేది. కొత్త భాగం కావాలంటే ఓడలో రావాలి. అంతవరకు చెరకు ఆగదు. అందుకని పాడైన ఇంకో లారీ నుంచి భాగం విప్పి మా లారీకి బిగించేవారు. మా తమ్ముడికి పదేళ్ళప్పుడే ఏ బోల్టుకు ఏ స్పానర్ కావాలో తెలుసు. అమెరికా వచ్చాక ఆ విద్యకు జీతం ఇస్తారని తెలిసి ఆశ్చర్యపోయాడు. విజయవాడ ఆటోనగర్ చూసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. ఒక బండి చచ్చిపోతే దాని భాగాలతో పది బండ్లు బతుకుతాయి.

*

ఇప్పుడు యార్డులోకి రండి.

కారు ఎక్కువగా బీమా కంపెనీల వేలం నుంచి వస్తుంది. ప్రమాదం జరిగాక బాగుచేసే ఖర్చు కారు విలువకు దగ్గరగా వచ్చినా, దాన్ని మించినా, బీమా కంపెనీ ఆ కారును పూర్తి నష్టం కింద రాసి అమ్మేస్తుంది. అలాంటి కార్లను వేలం వేసే కోపార్ట్ అనే పెద్ద కంపెనీ 1982లో ఇక్కడికి దగ్గర్లోనే, వలేహో అనే ఊళ్ళో మొదలైంది.

కారు రాగానే భాగాలు విప్పరు. ముందు దాని రక్తం తీయాలి అంటాడు మా తమ్ముడు. పెట్రోలు, ఇంజిన్ ఆయిలు, గేరు ఆయిలు, రేడియేటరు నీళ్ళు, బ్రేకు ద్రవం అన్నీ వేరువేరు పీపాల్లోకి తీస్తారు. ఏసీలోని గ్యాసును గాల్లోకి వదలకూడదు, మిషనుతో పట్టాలి. బ్యాటరీ తీస్తారు. 2003కు ముందు వచ్చిన కొన్ని అమెరికన్ కార్లలో బానెట్ కింది దీపానికి చిన్న స్విచ్చు ఉండేది, అందులో పాదరసం ఉంటుంది. దాన్ని కూడా వెతికి తీయాలి. తీయకుండా కారును నలిపితే ఆ విషం గాల్లో కలుస్తుంది.

తర్వాత లెక్క రాస్తారు. ఏ భాగం బాగుంది, ఏది పోయింది, దేనికి సొట్ట ఉంది. ఇక్కడ ఒక పాత పుస్తకం సంగతి చెప్పాలి. 1934లో హాలండర్ అనే సంస్థ ఏ కారు భాగం ఏ కారుకు సరిపోతుందో చెప్పే పట్టికలు మొదలుపెట్టింది. ఇప్పుడది కంప్యూటర్లో ఉంది, పేరు మాత్రం అదే. ఉదాహరణకు పాంటియాక్ వైబ్, టయోటా మేట్రిక్స్ రెండూ పేరుకే వేరు, లోపల కవలలు. ఒకదాని భాగాలు చాలావరకు రెండోదానికి సరిపోతాయి. ఇది తెలిసినవాడికి యార్డులో గౌరవం ఉంటుంది. మా తమ్ముడికి ఇలాంటివి కొన్ని వందలు నోటికి వచ్చు. నాకు ఎక్కాలు నేర్చుకునే పిల్లలు గుర్తొస్తారు.

ఇంజిన్లు, తలుపులు, అద్దాలు, దీపాలు, చక్రాలు పోయాక మిగిలిన డొక్కును నలిపి ఉక్కుకు పంపుతారు. అదీ మా తమ్ముడు చెప్పే తుక్కు.

*

వార్తల కాగితానికి వస్తాను. మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. తర్వాత అలవాటైంది, ఇప్పుడు నెల మొదటి వారం దాని కోసమే చూస్తాను. ఎవరికి పదిహేనేళ్ళ ఉద్యోగం పూర్తయింది, ఎవరికి పాప పుట్టింది, ఎవరు ఫోర్క్‌లిఫ్ట్ పరీక్ష పాసయ్యారు. ఒకసారి ఒకాయన పదవీ విరమణ గురించి నాలుగే నాలుగు వాక్యాలు రాశారు. అందులో ఒకటి: ఆయన ముప్ఫై ఏళ్ళలో ఒక్క రోజు కూడా ఇంకొకరి టూలు అడగలేదు. మా తరగతిలో ఆ వాక్యాన్ని తెలుగులోకి మార్చడానికి అరగంట పట్టింది. "టూలు"కు ఏం రాయాలి? పనిముట్టు అన్నాను నేను. ట్రక్కు నడిపే ఆయన ఒప్పుకోలేదు. పనిముట్టు అంటే పారా గడ్డపారా అనిపిస్తుంది, టూలు అనే రాయండి అన్నాడు. ఆయన మాటే నిలిచింది.

అదే రోజు "ఉద్యోగి" అన్న మాట మీద కూడా చర్చ జరిగింది. ఉద్యోగి, పనివాడు, కూలి. మూడు మాటలూ పని చేసే మనిషికే. తెలుగులో కూలి అంటే రోజు పనికి ఇచ్చే డబ్బు, ఆ పని చేసే మనిషి కూడా. అందులో తిట్టు లేదు. ఫిజీలో మాత్రం తెల్ల కులంబర్ల నోట ఆ మాట తిట్టుగా మారింది. కులంబర్ అంటే తోటలో మనవాళ్ళ మీద పెత్తనం చేసే ఓవర్సీరు. మా నాయనమ్మ ఆ మాట వినబడితే లేచి వెళ్ళిపోయేది. తెలుగు పుస్తకంలో "కూలి" కనబడితే మీరు కంగారు పడకండి. అది మన మాట, మనకే తిరిగి వచ్చింది.

*

రెండో కాగితంలో సలహాలు. ఇవి చదివినకొద్దీ మా తమ్ముడు రోజూ ఏం చేస్తాడో నాకు అర్థమై, భయం కూడా పెరిగింది.

జాకీ కారును ఎత్తడానికే, మోయడానికి కాదు. జాకీ మీద ఉన్న కారు కిందికి ఎవరూ తల పెట్టకూడదు. స్టాండ్లు పెట్టాలి, ఒకసారి కదిపి చూడాలి, అప్పుడే కిందికి వెళ్ళాలి. ఇది అందరికీ తెలుసు. తెలిసినవాళ్ళే చనిపోతారు, "ఒక్క నిమిషం పని" అనుకుని.

పేలని ఎయిర్‌బ్యాగ్ అంటే చిన్న బాంబు లాంటిది. బ్యాటరీ తీసి, కొంతసేపు ఆగి, అప్పుడు విప్పాలి. మోసేటప్పుడు దాని ముఖం మన ఒంటికి అవతలి వైపు ఉండాలి. బల్ల మీద పెట్టేటప్పుడు ముఖం పైకి ఉండాలి. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు మీకు గుర్తుండవచ్చు. అమెరికాలో దాదాపు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లను వెనక్కి పిలిచారు. పాత కారులో అలాంటిది ఉంటే దాన్ని విప్పి అమ్మడానికి లేదు.

హైబ్రిడ్ కార్లలో నారింజరంగు తీగలు ఉంటాయి. ఆ రంగు చూస్తే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. ప్రియస్ కారులో పెద్ద బ్యాటరీ రెండు వందల వోల్టుల పైన ఉంటుంది. ముందు సర్వీస్ ప్లగ్గు లాగాలి. వెంటనే ముట్టుకోకూడదు, పది నిమిషాలు ఆగాలి. వెయ్యి వోల్టులకు తట్టుకునే రబ్బరు గ్లవ్స్, వాటి మీద తోలు గ్లవ్స్ వేసుకోవాలి. రబ్బరు గ్లవ్స్‌కు సూదిమొన అంత చిల్లు ఉన్నా పనికిరావు. అందుకే వేసుకునే ముందు గాలి పట్టి మడిచి చూస్తారు.

క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాలు ఉంటాయి. అందుకే దొంగలు రాత్రిపూట కార్ల కింద కోసుకుపోయేవారు. 2023 జనవరి నుంచి కాలిఫోర్నియాలో ఎవరి దగ్గర పడితే వారి దగ్గర దాన్ని కొనకూడదు. ఆ కారు సొంతదారు అయినా కావాలి, లైసెన్సు ఉన్న యార్డు లాంటిదైనా కావాలి. కౌంటరు దగ్గరికి ఎవరైనా సంచిలో పట్టుకొస్తే, ఎంత చవకగా ఇస్తానన్నా, వద్దని చెప్పి పంపాలి. మన బంధువు అయినా సరే. ఈ చివరి మాట కాగితంలో లేదు, నేను కలిపాను.

ఇంకా చిన్నవి ఉన్నాయి. ఏళ్ళ తరబడి నిలిచిన కారు సీటు కింద నల్ల సాలీడు ఉండవచ్చు, పొట్ట కింద ఎర్రని గుర్తుతో. చెయ్యి పెట్టే ముందు టార్చి వేయండి.

ఇక ఎండ. శాక్రమెంటోలో 2022 సెప్టెంబర్ 6న 116 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది, ఈ ఊరి రికార్డు అది. ఆ రోజు కారు డోరు ముట్టుకుంటే దోసె పెనం ముట్టుకున్నట్టు ఉందన్నాడు మా తమ్ముడు. కాలిఫోర్నియా నియమం ప్రకారం బయట పనిచేసేవాళ్ళకు గంటకు ఒక క్వార్టు, అంటే సుమారు ఒక లీటరు, చల్లని నీళ్ళు అందుబాటులో ఉండాలి. 80 డిగ్రీలు దాటితే నీడ ఉండాలి. ఒంట్లో వేడి ఎక్కువైందని అనిపిస్తే కనీసం ఐదు నిమిషాలు నీడలో కూర్చునే హక్కు ఉంది, అడగడానికి సిగ్గుపడక్కరలేదు. కొత్తగా చేరినవాళ్ళను మొదటి 14 రోజులు ప్రత్యేకంగా గమనించాలి, ఎందుకంటే శరీరం ఎండకు అలవాటు పడటానికి అంత సమయం పడుతుంది. ఐదు గంటలు మించి పని ఉంటే, ఐదో గంట ముగిసేలోపు అరగంట భోజన విరామం. ప్రతి నాలుగు గంటలకు పది నిమిషాలు. ఎనిమిది గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు జీతం.

*

ఇప్పుడు అసలు సంగతి.

వార్తల కాగితం పైభాగంలో ప్రతి నెలా ఒక పెద్ద అంకె ఉండేది. చుట్టూ బెలూన్లు గీసి ఉండేవి. "దెబ్బ తగలని రోజులు" అని దాని అర్థం. గోడ మీద బోర్డు కూడా ఉంది, రోజూ ఒక అంకె పెరుగుతుంది. 250కి చేరితే అందరికీ పిజ్జా భోజనం, ఒక్కొక్కరికి బహుమతి కార్డు.

మా తమ్ముడి పెద్దకొడుకు, నా మేనల్లుడు, పోయిన సంవత్సరం మే నెలలో అదే యార్డులో చేరాడు. వయసు 22. నన్ను ఇంట్లో ఫూవా అని పిలుస్తాడు, తరగతిలో మాత్రం అత్తా అంటాడు. ఆగస్టులో ఒక ఆదివారం తరగతిలో "క్ష" రాయిస్తున్నాను. వాడు కలం బొటనవేలితో పట్టుకోలేదు, మధ్యవేళ్ళ నడుమ ఇరికించుకుని రాస్తున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతున్నాను. పిల్లలు చెయ్యి దాస్తే తెలుస్తుంది. తరగతి అయ్యాక చెయ్యి చూపించమన్నాను. మణికట్టు వాచి ఉంది.

బిగిసిపోయిన ఒక బోల్టును పొడుగు రాడ్డుతో లాగుతున్నాడు. బోల్టు ఒక్కసారిగా వదిలింది. వెనక్కి పడి అరచెయ్యి నేలకు ఆనించాడు. అది బుధవారం. ఎవరికీ చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదురా?"

"అత్తా, బోర్డు మీద 241 ఉంది. ఇంకా తొమ్మిది రోజులే. నేను కొత్తవాణ్ణి. నా వల్ల అందరి భోజనం పోతుంది."

నాకు కోపం వచ్చింది, కాని వాడి మీద కాదు. మా తమ్ముడిని అడిగితే వాడికీ తెలుసు. "తొమ్మిది రోజులు ఆగి చెబుదాం అక్కా" అన్నాడు.

"అప్పుడు ఏ రోజు తగిలిందని చెబుతావు?"

మాట్లాడలేదు. కాసేపటికి, "నా నడుము సంగతి నేను ఎవరికైనా చెప్పానా?" అన్నాడు. 2009లో ఒక ట్రాన్స్‌మిషన్ ఎత్తుతూ నడుము పట్టుకుంది. అప్పటి నుంచి బెల్టు పెట్టుకునే పనికి వెళ్తున్నాడు. పదహారేళ్ళు. అది నాకు వయసు వల్ల వచ్చిన నొప్పి అని చెప్పాడు ఇన్నాళ్ళూ.

నేను రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. సలహాల కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: ఎంత చిన్న దెబ్బ అయినా అదే రోజు సూపర్‌వైజరుకు చెప్పండి. వార్తల కాగితం పైన పెద్ద అక్షరాల్లో 241, బెలూన్లు. రెండూ ఒకే గోడ మీద ఉన్నాయి. మనుషులు పెద్ద అక్షరాలే చదువుతారు.

యార్డువాళ్ళు కావాలని ఇలా చేశారని నేను అనను. భోజనం పెట్టడం మంచి ఉద్దేశమే. కాని ఇది అమెరికా అంతటా ఉన్న అలవాటు, దీని గురించి ప్రభుత్వమూ ఆలోచించింది. దెబ్బ తగిలిందని చెప్పినందుకు ఉద్యోగిని శిక్షించకూడదని 2016లో ఓషా తన నియమాల్లో స్పష్టంగా చేర్చింది. బహుమతుల పథకాలు పెట్టుకోవచ్చు, కాని వాటి వల్ల జనం దెబ్బలు చెప్పడానికి భయపడకూడదు అన్నది దాని సారాంశం.

ఆ రాత్రి నాకు గిర్మిట్ గుర్తొచ్చింది. గిర్మిట్ అన్న మాటే అగ్రిమెంట్ నుంచి వచ్చింది, మీకు తెలుసు. ఆ ఒప్పందంలో రాసినవి చదివితే చెడ్డగా ఉండవు. వారానికి ఐదు రోజులు తొమ్మిది గంటలు, శనివారం ఐదు గంటలు. మగవాళ్ళకు రోజుకు ఒక షిల్లింగు, ఆడవాళ్ళకు తొమ్మిది పెన్నీలు. జబ్బు చేస్తే ఆసుపత్రి, మందు, తిండి ఉచితం. కాని పొలంలో గంటల లెక్క కాదు, టాస్కు లెక్క. సామాన్యమైన మనిషి ఆరు గంటల్లో చేయగలిగినంత పని ఒక టాస్కు అని కాగితంలో ఉంది. ఎంత పెద్ద టాస్కు ఇవ్వాలో నిర్ణయించేది కులంబర్. పూర్తికాకపోతే కూలి లేదు. మా ముత్తాత ఆ కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఆయనకు చదువు రాదు. మా మేనల్లుడికి వచ్చు. హైస్కూలు పూర్తిచేశాడు, ఇంగ్లీషు బాగా చదువుతాడు. అయినా వాడూ నొప్పి దాచుకున్నాడు.

సోమవారం ఉదయం తండ్రీకొడుకులు ఇద్దరూ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళారు.

*

మీకో, మీ ఇంట్లోవాళ్ళకో పనిలో దెబ్బ తగిలితే ఏం చేయాలో ఇక్కడ రాస్తాను. ఇది కాలిఫోర్నియా సంగతి, మిగతా రాష్ట్రాల్లో తేడాలుంటాయి. నేను పంతులమ్మను, వకీలును కాను.

దెబ్బ తగిలిన రోజే చెప్పండి. ఆలస్యమైనా 30 రోజులు దాటనివ్వకండి. నోటితో చెప్పి ఊరుకోకండి, కాగితం మీదో ఫోనులోనో రాసి పంపండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. యజమానికి తెలిసిన తర్వాత ఒక్క పనిదినంలోపు మీకు డీడబ్ల్యూసీ-1 అనే ఫారం ఇవ్వాలి. మీ భాగం మీరు నింపి ఇవ్వండి. ఇచ్చిన తర్వాత, బీమావాళ్ళు నిర్ణయం చెప్పేలోపు కూడా, 10,000 డాలర్ల వరకు వైద్యం అందాలి. నిర్ణయానికి వాళ్ళకు 90 రోజుల గడువుంది. పని చేయలేని రోజులకు మామూలుగా జీతంలో మూడింట రెండు వంతులు వస్తుంది. తప్పు ఎవరిదని ఈ బీమాలో అడగరు. రాడ్డు మీరే గట్టిగా లాగినా సరే. కాగితాలు లేకుండా ఈ దేశంలో ఉన్నవాళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది. మనలో కొందరు ఈ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

డాక్టరుతో మాట్లాడేటప్పుడు "పనిలో తగిలింది" అని మొదటి మాటగా చెప్పండి. మొహమాటం కొద్దీ "ఇంట్లో జారిపడ్డాను" అని చెప్పినవాళ్ళు నాకు తెలుసు. ఆ ఒక్క మాట ఫైలులో పడితే తర్వాత తీయడం చాలా కష్టం.

*

మేనల్లుడికి మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. మా తమ్ముడు నా వైపు చూసిన చూపు నేను మరిచిపోను. కాని ఆ డాక్టరమ్మ బొటనవేలి మొదట్లో ఉన్న చిన్న గుంటలో నొక్కి చూసింది. వాడు కుర్చీలోంచి లేచాడు. అక్కడ జీడిపప్పు ఆకారంలో ఒక చిన్న ఎముక ఉంటుందట. అరచెయ్యి ఆనించి పడితే అదే విరుగుతుంది, మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు. దానికి రక్తం సరిగా అందదు కాబట్టి వదిలేస్తే అతుక్కోదు, చెయ్యి జీవితాంతం బలహీనంగా ఉంటుంది. అప్పుడే కట్టు వేసింది. రెండు వారాల తర్వాత తీసిన ఎక్స్‌రేలో సన్నని గీత కనబడింది.

పది వారాలు కట్టుతో ఉన్నాడు. ఆ పది వారాలూ యార్డువాళ్ళు వాడిని కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు. ఎడమచేత్తో కంప్యూటరులో భాగాల నంబర్లు కొట్టాడు. వైబ్, మేట్రిక్స్ లాంటి జంటలు ఇప్పుడు వాడికీ కొన్ని తెలుసు.

బోర్డు 0కి వెళ్ళింది. పిజ్జా రాలేదు. ఇద్దరు మనుషులు కొన్నాళ్ళు వాడితో మాట్లాడలేదు, ఆ మాట దాచను. మెక్సికో నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం భోజనాల దగ్గర వచ్చి తన వంకర వేలు చూపించాడట. అది కూడా పాత బోర్డు ఒకటి 190 దగ్గర ఉన్నప్పుడు విరిగిందే.

మా తమ్ముడు తన నడుము గురించి ఇంకా చెప్పలేదు. దాని మీద మా ఇద్దరికీ మాటలు నడుస్తూనే ఉన్నాయి.

యార్డు మేనేజరు బోర్డు తీయలేదు. బెలూన్లు మాత్రం పోయాయి. వాటి బదులు కాఫీ మెషీన్ పక్కన ఒక చిన్న పెట్టె పెట్టారు, చీటీలు వేయడానికి. దెబ్బ తగలబోయి తగలకుండా పోయిన సంగతి ఏదైనా ఉంటే పేరు లేకుండా రాసి వేయవచ్చు. పెట్టె మీద అంటించడానికి ఆ మాటను తమ తమ భాషల్లో రాసివ్వమని అడిగారు. స్పానిష్‌లో వచ్చింది, పంజాబీలో వచ్చింది, హిందీలో వచ్చింది. తెలుగు చదవగలిగినవాళ్ళు అక్కడ ఇద్దరే, తండ్రీకొడుకులు. అయినా మా తమ్ముడు నన్ను అడిగాడు.

ఆదివారం తరగతిలో పెట్టాను. పెట్టెలు కట్టే అమ్మాయి "కొంచెంలో తప్పింది" అంది. వృద్ధుల ఇంట్లో పనిచేసే ఆవిడ "వెంట్రుకవాసిలో తప్పింది" అంది, వాళ్ళ అమ్మమ్మ అనేదట. నేను "తృటిలో తప్పింది" అని బోర్డు మీద రాశాను. తర్వాత నిఘంటువు తీస్తే అందులో "త్రుటి" అని ఉంది. పత్రికల్లో "తృటి" అనే ఎక్కువగా చూస్తాం. ఇలాంటి చోట నాలాంటి గుడిబడి తెలుగువాళ్ళకు కాళ్ళు వణుకుతాయి. చివరికి వెంట్రుకవాసే ఖాయం చేశాం. యార్డు ప్రింటరులో ఒత్తులు విడిపోయి వచ్చాయి కాబట్టి మేనల్లుడు చేత్తో రాశాడు, కలం బొటనవేలితోనే పట్టుకుని.

పెట్టెలో మొదట పడిన చీటీని కొత్త నెల కాగితంలో అచ్చువేశారు. ఇంగ్లీషులో ఉంది, పేరు లేదు. నేను తరగతి కోసం తెలుగు చేశాను: "మూడో లిఫ్టు కింద నూనె ఉంది. కాలు జారింది. పడలేదు. ఇసుక చల్లాను."

"ఇది నీదేనా?" అని మా తమ్ముడిని అడిగాను. "పేరు లేదు కదక్కా" అన్నాడు.